జిడ్డు కృష్ణమూర్తి విద్యాచింతనలో ఎరుక, ప్రకృతి: కౌమార మానసికారోగ్య దృష్టితో ఒక పరిశీలన

వ్యాససంగ్రహం

కౌమారదశలోని విద్యార్థుల మానసికారోగ్యం కోసం పాఠశాలల్లో ‘మైండ్‌ఫుల్‌నెస్’ శిక్షణ ఇవ్వడం ఇటీవలి దశాబ్దాల్లో అనేక దేశాలకు విస్తరించింది. ప్రకృతి సాన్నిహిత్యం మనసుకు మేలు చేస్తుందనే పరిశోధనలు కూడా పెరిగాయి. ఈ రెండు ధోరణులూ ఎక్కువగా విడివిడిగానే సాగుతున్నాయి. మదనపల్లెలో జన్మించిన జిడ్డు కృష్ణమూర్తి (1895–1986) విద్యారచనల్లో ఎరుక, ప్రకృతి, భయంలేని చదువు అనే మూడు అంశాలు ఒకే ప్రశ్నలోని భాగాలుగా కనిపిస్తాయి. ఆ రచనల్లోని ప్రధాన భావనలను సమకాలీన పరిశోధనలతో పోల్చి చూడటం, వాటి బలాన్నీ పరిమితులనూ తెలుగునాట కళాశాల విద్య నేపథ్యంలో అంచనా కట్టడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: ఎరుక, అవధానం, ఏకాగ్రత, ప్రకృతి, కౌమారం, పోలిక, భయం, రిషివ్యాలీ.

1. ఉపోద్ఘాతం

ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం 10 నుండి 19 ఏళ్ల వయసువారిలో ప్రతి ఏడుగురిలో ఒకరు ఏదో ఒక మానసిక రుగ్మతతో జీవిస్తున్నారు. భారతదేశంలో జాతీయ నేర గణాంకాల సంస్థ నమోదు చేసిన విద్యార్థుల ఆత్మహత్యలు 2022 సంవత్సరంలో 13,044. ఈ సంఖ్యల వెనుక పేదరికం, కుటుంబ కలహాలు, వివక్ష, అనారోగ్యం వంటి కారణాలు అనేకం ఉంటాయి. ఏ ఒక్క కారణానికో వీటన్నిటినీ ముడిపెట్టడం శాస్త్రీయం కాదు. అయినా చదువు తీరుకూ విద్యార్థి మనఃస్థితికీ సంబంధం ఉందన్న విషయాన్ని విద్యారంగం ఇక తప్పించుకోలేదు.

ఈ సమస్యకు సూచిస్తున్న పరిష్కారాల్లో ఎక్కువగా వినిపించేవి రెండు. మొదటిది, విద్యార్థికి తన ఆలోచనలనూ ఊపిరినీ గమనించడం నేర్పడం. రెండవది, విద్యార్థిని చెట్టూచేమల నడుమకు తీసుకువెళ్లడం. రెండూ మంచివిగానే తోస్తాయి. కానీ విద్యార్థిని భయపెడుతున్న చదువును ఉన్నది ఉన్నట్లుగా ఉంచి, ఆ భయాన్ని తట్టుకునే నేర్పును మాత్రం అతనికి అలవరచడం వైద్యమా, సర్దుబాటా అన్న ప్రశ్న మిగిలిపోతుంది. కృష్ణమూర్తి విద్యాచింతనకు కేంద్రం ఈ ప్రశ్నే. అందుకే ఆయన రచనలను ఈ సందర్భంలో తిరిగి చదవవలసి ఉంది.

2. పదచర్చ: స్మృతి, ఎరుక, అవధానం

‘మైండ్‌ఫుల్‌నెస్’ అనే ఆంగ్లపదం బౌద్ధంలోని ‘సతి’ అనే పాళీ పదానికి అనువాదంగా 19వ శతాబ్ది చివరలో రైస్ డేవిడ్స్ వంటి పండితుల ద్వారా స్థిరపడింది. ‘సతి’కి సంస్కృత రూపం ‘స్మృతి’. అంటే ఈ భావనలో గుర్తుంచుకోవడం, మరవకుండా ఉండటం అనే అర్థాలు మొదటినుండీ ఉన్నాయి. బౌద్ధ అష్టాంగమార్గంలో సమ్యక్ స్మృతి ఒంటరిగా నిలవదు. సమ్యక్ వాక్కు, సమ్యక్ కర్మ, సమ్యక్ జీవనోపాధి దానికి తోడుగా ఉంటాయి.

1979లో అమెరికాలోని మసాచుసెట్స్ విశ్వవిద్యాలయ వైద్యకళాశాలలో జాన్ కబట్-జిన్ దీర్ఘకాలిక నొప్పితో, ఒత్తిడితో బాధపడే రోగుల కోసం ఎనిమిది వారాల శిక్షణను రూపొందించారు. వర్తమాన క్షణంపై, మంచిచెడులు నిర్ణయించకుండా, ఉద్దేశపూర్వకంగా దృష్టి నిలపడం అన్న నిర్వచనం అక్కడినుండి వ్యాపించింది. ఆసుపత్రి అవసరానికి ఆ నిర్వచనం సరిపోయింది. అదే నిర్వచనం పాఠశాలకూ కార్యాలయానికీ చేరేసరికి, నడవడికతోనూ జీవనోపాధితోనూ స్మృతికి ఉన్న పాత అనుబంధం సడలిపోయింది. 2019లో రోనాల్డ్ పర్సర్ తన ‘మెక్‌మైండ్‌ఫుల్‌నెస్’ గ్రంథంలో చేసిన విమర్శకు ఆధారం ఈ సడలింపే. ఒత్తిడికి కారణమైన వ్యవస్థను విడిచిపెట్టి, వ్యక్తి మనసునే మరమ్మతు చేయవలసిన చోటుగా చూపడాన్ని ఆయన తప్పుపట్టారు.

తెలుగులో ఈ భావనకు సచేతనత, బుద్ధిపూర్వకత వంటి పదాలు వాడుకలోకి వచ్చాయి. వీటికంటే ‘ఎరుక’ అనే అచ్చతెలుగు మాట దగ్గరగా ఉంటుంది. ‘నాకు ఎరుకే’ అన్నప్పుడు తెలిసి ఉండటం, పరిచయం ఉండటం రెండూ ధ్వనిస్తాయి. మరొక పదం ‘అవధానం’. తెలుగువారికి ఇది సాహిత్యవిద్యగా సుపరిచితం. అష్టావధానంలో సమస్య, దత్తపది, నిషిద్ధాక్షరి వంటి అంశాలను నడుపుతూనే అవధాని అప్రస్తుత ప్రసంగానికీ బదులివ్వాలి. ధ్యాస మళ్లించే వ్యక్తికి సభలోనే ఆసనం వేసి కూర్చోబెట్టడం ఈ ప్రక్రియలోని విశేషం. ఆటంకాన్ని వెళ్లగొట్టడం అవధానం కాదనీ, దానిని కూడా కలుపుకొనిపోయే విశాలత అవధానమనీ ఈ సంప్రదాయం సూచిస్తుంది. అయితే అవధాన సభ ఒక పరీక్ష. ధారణలో గెలుపోటములు ఉంటాయి. కృష్ణమూర్తి చెప్పిన అవధానంలో గెలిచేవారు లేరు, ఓడేవారు లేరు. ఈ సామ్యభేదాలను గమనించి, ఈ వ్యాసంలో ‘అవధానం’ అనే పదాన్ని ఆయన చెప్పిన సమగ్ర శ్రద్ధకూ, ‘ఎరుక’ను దాని సాధారణ రూపానికీ వాడటం జరిగింది.

3. మదనపల్లె బాలుడు

కృష్ణమూర్తి పదేళ్ల వయసులో తల్లి సంజీవమ్మను కోల్పోయారు. తండ్రి నారాయణయ్య రెవెన్యూ శాఖ ఉద్యోగి. ఉద్యోగ విరమణ తర్వాత 1909లో ఆయన కుటుంబంతో సహా మద్రాసులోని అడయారు దివ్యజ్ఞాన సమాజ పరిసరాలకు చేరారు. బాల్యంలో కృష్ణమూర్తి తరచు జ్వరపడేవారు. బడిలో మందమతిగా ముద్రపడి ఉపాధ్యాయుల చేత దెబ్బలు తిన్నట్లు మేరీ లట్యెన్స్ రాసిన జీవితచరిత్ర (1975) తెలుపుతుంది. చీమలనూ మబ్బులనూ చూస్తూ పరిసరాలు మరచిపోయే అలవాటు ఆయనకు అప్పటినుండే ఉంది.

1973–75 నడుమ రాసి 1982లో ప్రచురితమైన ‘కృష్ణమూర్తీస్ జర్నల్’లో ఆయన తనను ‘ఆ బాలుడు’ అని ప్రథమ పురుషలో ప్రస్తావిస్తారు. ఆ బాలుడి మనసులో ఏదీ నిలువ ఉండేది కాదన్న భావం ఆ పుటల్లో పదేపదే కనిపిస్తుంది. బడి భాషలో ఇది బుద్ధిమాంద్యం. జర్నల్ భాషలో ఇది గాయపడని మనసు. ఒకే లక్షణం చూసేవారి కొలమానాన్నిబట్టి లోపంగానో గుణంగానో మారుతుందన్న అంశం విద్యావేత్తలకు ముఖ్యమైనది. పాఠం వినకుండా కిటికీలోంచి చూస్తున్న విద్యార్థిని ఉపాధ్యాయుడు పరధ్యానం పేరుతో మందలిస్తాడు. కిటికీ బయట ఉన్నదానిపై ఆ విద్యార్థికి ఉన్నది శ్రద్ధే అన్న సంగతి ఆ మందలింపులో మరుగున పడుతుంది.

ఈ జీవితకథను ఆదర్శీకరించడంలో ప్రమాదం కూడా ఉంది. తల్లిని పోగొట్టుకుని, దెబ్బలు తిన్న పిల్లవాడు లోకంనుండి ముడుచుకుపోవడం దుఃఖ లక్షణం కూడా కావచ్చు. నిశ్శబ్దంగా ఉన్న ప్రతి విద్యార్థీ ప్రశాంతంగా ఉన్నట్లు కాదు. ఈ రెండింటి మధ్య భేదాన్ని గుర్తించే సూత్రమేదీ కృష్ణమూర్తి రచనల్లో దొరకదు. ఆ గుర్తింపు ఉపాధ్యాయుడి సొంత ఎరుకపై ఆధారపడవలసిందే.

4. ఏకాగ్రతకూ అవధానానికీ భేదం

1974లో వెలువడిన ‘కృష్ణమూర్తి ఆన్ ఎడ్యుకేషన్’ రిషివ్యాలీ, రాజ్‌ఘాట్ పాఠశాలల విద్యార్థులతో, ఉపాధ్యాయులతో జరిగిన సంభాషణల సంకలనం. ఇందులో ఆయన ఏకాగ్రతకూ అవధానానికీ స్పష్టమైన గీత గీశారు. ఏకాగ్రత ఒకదానిని ఎంచుకుని మిగిలినవాటిని తోసివేస్తుంది. తోసివేయడంలో ఘర్షణ ఉంది, ఘర్షణలో అలసట ఉంది. అవధానానికి హద్దు లేదు. ఉపాధ్యాయుడి మాట, బయటి పక్షి కూత, తనలోని విసుగు అన్నీ అందులోకి వస్తాయి.

ఈ వాదంలో కౌమారులకు అత్యంత ఉపయోగకరమైన అంశం, అనవధానం పట్ల ఆయన చూపిన వైఖరి. మనసు చెదరడాన్ని ఆయన నేరంగా చూడరు. చెదిరిందని గమనించడమే అవధానమంటారు. చదువుపై మనసు నిలవడంలేదన్న బాధకంటే, మనసు నిలపలేని తాను చేతగానివాడినన్న తీర్పు విద్యార్థిని ఎక్కువగా కుంగదీస్తుంది. ఆ తీర్పును తొలగించడం ఈ బోధలోని చికిత్సా లక్షణం. కబట్-జిన్ నిర్వచనంలో మంచిచెడులు నిర్ణయించకుండా అన్న విశేషణం దీనికి దగ్గరగా ఉంది. అయితే ఆయన ఉద్దేశపూర్వకంగా అన్నచోట కృష్ణమూర్తి విభేదిస్తారు. ఉద్దేశం ఉంటే ఫలాపేక్ష ఉంటుంది, ఫలాపేక్ష ఉంటే వైఫల్యభయమూ ఉంటుందన్నది ఆయన తర్కం. 1929లో తన పేరిట నెలకొన్న నక్షత్ర సంఘాన్ని రద్దు చేసిన నాటినుండి పద్ధతినీ గురువునూ సాధననూ నిరాకరిస్తూ వచ్చిన ఆలోచనకు ఇది కొనసాగింపు.

ప్రకృతి ఈ అవధానానికి ఆయన ఎంచుకున్న తొలి పాఠం. చెట్టును చూసిన వెంటనే దాని పేరు చెప్పడంతో చూడటం ముగిసిపోతుందనీ, మాట అడ్డురాకుండా చూడగలిగినవాడు తన కోపాన్నీ అసూయనూ కూడా అలాగే చూడగలడనీ ఆయన వాదించారు. చెట్టు మనిషిని ఇతరులతో పోల్చదు, మార్కులు వేయదు. అందువల్ల భయంలేని చూపును అభ్యసించడానికి అది అనువైన చోటు. ప్రకృతితో సంబంధం పోయినవాడికి సాటి మనిషితోనూ సంబంధం పోతుందన్న భావం ఆయన జర్నల్‌లో కనిపిస్తుంది. ఇక్కడ ప్రకృతి మందు కాదు, మొదటి బంధువు.

1978 సెప్టెంబరునుండి తన పాఠశాలలకు రాసిన లేఖల్లో ఆయన ఈ అంశాన్ని తీరికతో ముడిపెట్టారు. ‘స్కూల్’ అనే పదానికి మూలమైన గ్రీకు మాటకు తీరిక అని అర్థం. తీరిక అంటే సోమరితనం కాదనీ, దేనిచేతా ఆక్రమణకు గురికాని మనఃస్థితి అనీ ఆయన వివరించారు. పిల్లవాడు పాఠశాలలో తనకు భద్రత ఉందని మొదట అనుభవించాలనీ, భయం ఉన్నచోట నేర్చుకోవడం సాగదనీ ఆ లేఖలు నొక్కి చెబుతాయి.

5. సమకాలీన పరిశోధనలతో పోలిక

1989లో ‘ది ఎక్స్‌పీరియన్స్ ఆఫ్ నేచర్’ గ్రంథంలో రేచల్ కాప్లాన్, స్టీఫెన్ కాప్లాన్ దంపతులు అవధాన పునరుద్ధరణ సిద్ధాంతాన్ని విపులీకరించారు. ప్రయత్నపూర్వకంగా నిలిపే అవధానం వాడినకొద్దీ అలసిపోతుంది. కదిలే ఆకులు, మబ్బులు, పారే నీరు వంటివి ప్రయత్నం లేకుండానే మనసును మృదువుగా ఆకర్షించడంవల్ల, అలసిన శక్తి తేరుకుంటుంది. ఏకాగ్రతలో అలసట ఉందన్న కృష్ణమూర్తి పరిశీలనకు ఇది మనోవిజ్ఞానంనుండి లభించే సమర్థన. కానీ లక్ష్యాలు వేరు. కాప్లాన్ దంపతుల దృష్టిలో విశ్రాంతి పొందిన అవధానం తిరిగి పనికి మళ్లుతుంది. కృష్ణమూర్తి ఆ పని స్వభావాన్నే ప్రశ్నిస్తారు.

2019లో డెన్మార్క్‌లో 9 లక్షలకు పైగా జనాభా వివరాలతో వెలువడిన అధ్యయనం బాల్యంలో నివాస పరిసరాల పచ్చదనాన్ని ఉపగ్రహ చిత్రాలతో లెక్కించింది. పచ్చదనం అతి తక్కువగా ఉన్నచోట పెరిగినవారికి తర్వాతి కాలంలో మానసిక రుగ్మతల ముప్పు 55 శాతం దాకా ఎక్కువగా ఉందని తేల్చింది. ఇది సహసంబంధమే. పచ్చదనమే కారణమని దీనినుండి నిర్ధారించలేము. ఆర్థికస్థితి, కుటుంబచరిత్ర వంటి అంశాలను సరిచూసిన తర్వాత కూడా సంబంధం నిలిచిందన్నది గమనార్హం.

మైండ్‌ఫుల్‌నెస్ విషయంలో ఫలితాలు అంత ఆశాజనకంగా లేవు. బ్రిటన్‌లో 85 పాఠశాలల్లో 8,376 మంది విద్యార్థులతో జరిగిన ‘మిరియడ్’ ప్రయోగం 2022లో తన ఫలితాలను ప్రకటించింది. పాఠశాలలో అందరికీ ఇచ్చిన మైండ్‌ఫుల్‌నెస్ శిక్షణ, అప్పటికే అమలులో ఉన్న సామాజిక-భావోద్వేగ విద్యకంటే మెరుగైన ఫలితం ఇవ్వలేదు. విద్యార్థుల్లో అత్యధికులు ఇంటివద్ద అభ్యాసం చేయలేదు. ఉపాధ్యాయుల అలసట మాత్రం కొంత తగ్గినట్లు కనిపించింది.

ఈ ఫలితాన్ని మైండ్‌ఫుల్‌నెస్ వ్యర్థమనడానికి ఆధారంగా తీసుకోవడం తొందరపాటు అవుతుంది. కోరి వచ్చిన రోగికి మేలు చేసిన పద్ధతి, కోరకుండా కూర్చోబెట్టిన తరగతికి అదే మేలు చేయకపోవచ్చునన్నది దీనినుండి గ్రహించదగినది. కౌమారులు తమకు అప్పగించిన ఎరుకను మరొక ఇంటిపనిగా స్వీకరించి, ఇతర ఇంటిపనులతో ఎలా వ్యవహరిస్తారో దీనితోనూ అలాగే వ్యవహరించారు. సాధనగా మారిన అవధానం అవధానం కాదన్న కృష్ణమూర్తి హెచ్చరిక ఇక్కడ కొత్త అర్థం సంతరించుకుంటుంది. అయితే ఆ హెచ్చరికను ఈ ప్రయోగం నిరూపించిందని చెప్పడం కూడా అతిశయోక్తే. ఆయన భావనను ఈ ప్రయోగం పరీక్షించలేదు.

6. తెలుగునాట తరగతిగది

ఇంటర్మీడియట్ వయసు, అంటే 15 నుండి 17 ఏళ్లు, తెలుగు రాష్ట్రాల్లో ప్రవేశపరీక్షల వయసు కూడా. రెసిడెన్షియల్ కళాశాలల్లో తెల్లవారుజామునుండి రాత్రి దాకా స్టడీ అవర్లు, వారాంతపు పరీక్షలు, ర్యాంకుల ఆధారంగా సెక్షన్ల మార్పు సర్వసాధారణం. అపార్ట్‌మెంట్ భవనాల్లో నడిచే కళాశాలల్లో ఆటస్థలం కూడా అరుదు. ఎన్‌సీఈఆర్‌టీ 2022లో ప్రకటించిన సర్వేలో పాల్గొన్న విద్యార్థుల్లో 81 శాతం మంది తమ ఆందోళనకు చదువు, పరీక్షలు, ఫలితాలనే కారణంగా చెప్పారు.

విశాఖపట్నంలో వైద్యవిద్య ప్రవేశపరీక్షకు సిద్ధమవుతున్న 17 ఏళ్ల విద్యార్థిని మరణానికి సంబంధించిన కేసులో సుప్రీంకోర్టు 2025 జులైలో దేశవ్యాప్తంగా వర్తించే మార్గదర్శకాలను జారీచేసింది. వందమందికి పైగా విద్యార్థులున్న సంస్థల్లో అర్హులైన కౌన్సెలర్లను నియమించాలన్నది వాటిలో ఒకటి. మార్కుల ఆధారంగా బ్యాచ్‌లు విడదీయకూడదనీ, విద్యార్థులను బహిరంగంగా అవమానించకూడదనీ చెప్పినది మరొకటి. మొదటిది బాధపడుతున్న విద్యార్థికి సహాయం. రెండవది బాధకు దారితీసే పద్ధతిపై ఆంక్ష. పోలికలో హింస ఉందని కృష్ణమూర్తి దశాబ్దాల పాటు చెప్పిన మాట విద్యాతత్త్వంగా మిగిలిపోయింది. అదే అంశం ఇప్పుడు న్యాయస్థానం ఆదేశంగా కళాశాల గుమ్మం ముందుకు వచ్చింది. పోలికపైనే నడిచే కాలపట్టిక మధ్యలో పది నిమిషాల ధ్యానాన్ని చేర్చి బాధ్యత తీరిందనుకోవడం ఎంత అసంగతమో ఈ రెండవ ఆదేశం వెలుగులో తేటపడుతుంది.

7. పరిమితులు

కృష్ణమూర్తి విద్యాచింతనపై మూడు విమర్శలు అవసరం. మొదటిది వర్గానికి సంబంధించినది. రిషివ్యాలీ వంటి ఆవాస పాఠశాల అందరికీ అందుబాటులో ఉండేది కాదు. ఆ లోయ చుట్టుపక్కల పల్లెల్లో మేకలు కాసే పిల్లవాడు రోజంతా ప్రకృతిలోనే ఉంటాడు. కానీ అతనికి తీరిక లేదు. వేరుశనగ రైతు కుటుంబంలోని బాలికకు మబ్బు అందమైన దృశ్యంగా కంటే ముందు వానగా, పంటగా, అప్పుగా కనిపిస్తుంది. పేరు పెట్టకుండా చూడటం బతుకు భద్రత ఉన్నవారికి సులభం. ప్రకృతితో అనుబంధాన్ని సౌందర్యదృష్టికే పరిమితం చేస్తే శ్రమతో ముడిపడిన అనుబంధం లెక్కలోకి రాదు.

దీనికి కొంత సమాధానం ఆయన పుస్తకాల్లో కంటే ఆ లోయలోనే దొరుకుతుంది. వర్షాభావ ప్రాంతమైన అక్కడ నేటి పచ్చదనం సహజంగా ఉన్నది కాదు. దశాబ్దాల పాటు మొక్కలు నాటి, నీటిని నిలిపి సాధించుకున్నది. సాయంకాలం విద్యార్థులు మౌనంగా కూర్చుని సూర్యాస్తమయాన్ని చూసే ‘అస్తాచల్’ ఆ పాఠశాలలో ప్రసిద్ధమైన ఆచారం. చూడటానికి ఒక చెట్టు ఉండాలంటే ముందు ఎవరో ఒకరు దానిని నాటి ఉండాలి. ఈ రెంటినీ కలిపి చదివినప్పుడే ప్రకృతితో అనుబంధం అన్న మాటకు పూర్తి అర్థం వస్తుంది. ఆ పాఠశాల అనుబంధ సంస్థ గ్రామీణ పిల్లల కోసం రూపొందించిన బహుళ తరగతుల బోధనా సామగ్రి ఇతర ప్రాంతాలకు విస్తరించడం, ఈ చింతన ఆవాస పాఠశాల ప్రహరీ దాటగలదనడానికి నిదర్శనం.

రెండవది పద్ధతి నిరాకరణకు సంబంధించినది. ఏ పద్ధతీ వద్దన్నప్పుడు వందమంది విద్యార్థులున్న తరగతిలో అధ్యాపకుడు సోమవారం ఉదయం చేయవలసిందేమిటన్న ప్రశ్నకు జవాబు దొరకదు. ‘అస్తాచల్’ సైతం నిర్ణీత సమయం గల ఒక ఆచారమే. ఆచారం లేకుండా సంస్థ నిలవదు. ఆచారం యాంత్రికం కాకుండా కాపాడుకోవడమే సంస్థ చేయగలిగింది.

మూడవది అత్యంత ముఖ్యమైనది. తీవ్రమైన కుంగుబాటు, ఆత్మహత్యాలోచనలు వంటి స్థితులకు అవధానం గురించిన బోధ గానీ తోటలో విహారం గానీ చికిత్స కాదు. బాధను పరిగెత్తకుండా చూడమన్న ఉపదేశం, చూడగలిగే స్థితిలో లేనివారికి భారమవుతుంది. అటువంటి విద్యార్థికి మానసిక వైద్యుడు, మందులు, కుటుంబ సహకారం అవసరం. 2022 అక్టోబరునుండి 14416 సంఖ్యతో ప్రభుత్వ ‘టెలి మానస్’ సేవ తెలుగులోనూ అందుబాటులో ఉంది. తాత్త్విక గ్రంథాలను వైద్యానికి ప్రత్యామ్నాయంగా చూపడం ఆ గ్రంథాలకూ విద్యార్థికీ కూడా అన్యాయమే.

8. ముగింపు

పై పరిశీలనవల్ల తేలిన అంశాలు ఇవి. మైండ్‌ఫుల్‌నెస్‌ను మనసుకు సంబంధించిన నైపుణ్యంగా, ప్రకృతిని మనసుకు ఇచ్చే ఔషధంగా విడదీసినప్పుడు రెండూ పోటీచదువుకు సహాయక సామగ్రిగా మారే అవకాశం ఉంది. కృష్ణమూర్తి రచనలు వాటిని తిరిగి కలిపి, భయం, పోలిక అనే మూలప్రశ్నల ముందు నిలుపుతాయి. అలసిన అవధానం, పచ్చదనం విషయాల్లో ఆయన పరిశీలనలకు సమకాలీన పరిశోధనలనుండి కొంత బలం చేకూరుతుంది. వర్గదృష్టి, ఆచరణ, వైద్యం విషయాల్లో మాత్రం ఆయన చింతన అసంపూర్ణం. దానిని ఇతర జ్ఞానరంగాలతో పూరించుకోవలసి ఉంటుంది.

ఈ పఠనంనుండి కళాశాలలు తీసుకోదగినవి పెద్ద సంస్కరణలేమీ కావు. ర్యాంకులవారీ సెక్షన్లను మానడం, రోజులో కొంత సమయాన్ని ఏ పనికీ కేటాయించకుండా విడిచిపెట్టడం, ఆవరణలో విద్యార్థులే నాటి పెంచే చెట్లకు చోటివ్వడం, కుంగిపోతున్న విద్యార్థిని సకాలంలో గుర్తించి వైద్యసహాయానికి చేర్చడం అధ్యాపకుల చేతుల్లో, యాజమాన్యాల చేతుల్లో ఉన్న పనులే. బడిలో మందమతిగా ముద్రపడిన మదనపల్లె బాలుడు తర్వాత లోకానికి అవధానం గురించి చెప్పగలిగాడు. అతనిని కొట్టిన ఉపాధ్యాయుడికి ఆ బాలుడిలో కనిపించినది పరధ్యానమే. నేటి తరగతిగదిలో కిటికీవైపు చూస్తున్న విద్యార్థిని చూసినప్పుడు అది ఆసక్తా, అలసటా, దుఃఖమా అని అధ్యాపకుడు ఒక్క క్షణం ఆగి గమనించగలిగితే, ఎరుక గురించిన విద్య అక్కడ మొదలైనట్లే. ఆ ఎరుక ముందుగా అలవడవలసింది విద్యార్థికి కాదు, అధ్యాపకుడికి.